కమ్‌కి హోమ్ ఎందుకు రైమ్ కాదు? చెవితో వెతకాల్సిన ఇంగ్లీషు పదాలు, వాటి అర్థాలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మూడో తరగతి చదివే మీ పాప రైమింగ్ వర్డ్స్ హోంవర్క్‌లో 'కమ్' పక్కన 'హోమ్' అని రాసింది, టీచర్ ఇంటూ కొట్టారు. రెండింటి చివరా ఓ-ఎం-ఇ అనే మూడు అక్షరాలూ ఒకటే కదా, తప్పెలా అయిందని మీ సందేహం. పనిలో పనిగా అర్థాలతో సహా రైమింగ్ వర్డ్స్ కొన్ని కావాలన్నారు.

టీచర్ కొట్టిన ఇంటూ సరైనదే. అలాగని పాపను కోప్పడకండి. తెలుగు చదవడం వచ్చిన పిల్లలు దాదాపు అందరూ చేసే తప్పు అది. మనకు రాసిందే పలకడం, పలికిందే రాయడం అలవాటు. అక్షరం ఒకటైతే శబ్దం ఒకటే అనుకుంటాం. ఇంగ్లీషులో ఆ హామీ లేదు. నేను చాలా ఏళ్లుగా పిల్లలకూ పెద్దలకూ ఇంగ్లీషు చెబుతున్నాను. రైమింగ్ వర్డ్స్ దగ్గర తప్పులన్నీ ఒక్కచోటి నుంచే పుడతాయి: చెవితో చేయాల్సిన పనిని కంటితో చేయడం.

రైమ్ అంటే ఏమిటో ఒక్కసారి సరిగ్గా చెప్పుకుందాం. పదంలో ఒత్తి పలికే అచ్చు దగ్గర మొదలుపెట్టి చివరిదాకా రెండు పదాల శబ్దమూ ఒకటే కావాలి. ఆ అచ్చుకు ముందున్న హల్లు మాత్రం వేరుగా ఉండాలి. 'లైట్', 'నైట్' తీసుకోండి. రెండింటిలోనూ 'ఐట్' ఉంది, ముందున్న హల్లులు ల, న. కాబట్టి రైమ్. 'కమ్'లో ఉన్నది 'అమ్', 'హోమ్'లో ఉన్నది 'ఓమ్'. కాబట్టి కాదు. స్పెల్లింగ్‌కు ఇందులో ఓటు హక్కు లేదు.

బళ్లలో దీన్ని 'ప్రాస పదాలు' అని తెలుగు చేస్తుంటారు. అదే కొంత గందరగోళం తెచ్చిపెడుతుంది. మన పద్యాల్లో ప్రాస అంటే ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావడం. అక్కడ హల్లు కలిస్తే చాలు, దాని మీద అచ్చు ఏదైనా ఫరవాలేదు. ఇంగ్లీషు రైమ్ పదం చివర ఉంటుంది, పైగా అచ్చుతోనే మొదలవుతుంది. దానికి మన అంత్యప్రాస దగ్గరి చుట్టం. ఇంకో తేడా కూడా ఉంది. 'తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు' అంటే మన చెవికి కమ్మగానే ఉంటుంది, 'రాజు' రెండుసార్లు వచ్చినా ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఇంగ్లీషు వాళ్లు అదే పదాన్ని మళ్లీ వాడితే రైమ్ అనరు. 'రైట్' అంటే సరైన, 'రైట్' అంటే రాయడం. స్పెల్లింగ్ వేరు, అర్థం వేరు, శబ్దం మాత్రం అచ్చం ఒకటే. వీటిని ఒకే శబ్దమున్న పదాలుగా లెక్కేస్తారు. హోంవర్క్‌లో 'రైట్'కి 'లైట్' రాస్తే బాగుంటుంది, రెండో 'రైట్' రాస్తే టీచర్ ఒప్పుకోకపోవచ్చు.

ఇప్పుడు మీ పాప రాసిన రెండు పదాల కుటుంబాలు చూద్దాం. 'కమ్' ఇంట్లో వాళ్లు: సమ్ అంటే కొంత, ఎస్-యు-ఎం అని రాసే సమ్ అంటే మొత్తం, గమ్ అంటే జిగురు, అదే పదానికి పంటి చిగురు అని కూడా అర్థం, డ్రమ్ తెలిసిందే, ప్లమ్ ఒక పండు. వీటితోపాటు చివర బి రాసి పలకని గుంపు ఒకటుంది: థమ్ అంటే బొటనవేలు, క్రమ్ అంటే రొట్టె తుంచినప్పుడు రాలే పొడి, నమ్ అంటే తిమ్మిరెక్కి స్పర్శ తెలియకుండా పోయిన. 'హోమ్' ఇంట్లో వాళ్లు: ఫోమ్ అంటే నురుగు, డోమ్ అంటే గుమ్మటం, రోమ్ అంటే ఊరికే తిరగడం, అదే శబ్దంతో రోమ్ నగరం. ఇంకా దువ్వెన. దాన్ని మనలో చాలామంది 'కోంబ్' అంటారు కానీ అసలు పలుకు 'కోమ్'.

అదే సి-ఓ-ఎం-బిలో మొదటి అక్షరం మార్చి టి పెట్టండి. సమాధి అనే అర్థమున్న పదం వస్తుంది, పలుకు 'టూమ్'. అది రూమ్, బ్రూమ్ అంటే చీపురు, బ్లూమ్ అంటే పూయడం, గ్రూమ్ అంటే పెళ్లికొడుకు, గ్లూమ్ అంటే దిగులు, వీటితో కలుస్తుంది. టి తీసి బి పెడితే బాంబు. పలుకు ఇంచుమించు 'బామ్', అది టామ్ అనే పేరుతో కలుస్తుంది. ఒక్క అక్షరం మారితే మూడు వేర్వేరు ఇళ్లకు వెళ్లిపోయాయి.

ఎందుకిలా అంటే చరిత్రలోకి కాస్త వెళ్లాలి. సుమారు 1400 నుంచి 1700 మధ్య ఇంగ్లీషులో దీర్ఘాచ్చుల పలుకుబడి వరసగా మారిపోయింది. సరిగ్గా ఆ మార్పు నడుస్తుండగానే, 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. పుస్తకాలు పెరిగేకొద్దీ స్పెల్లింగులు గట్టిపడ్డాయి, నోళ్లు మాత్రం మారుతూనే పోయాయి. అంటే ఇప్పుడు మనం రాస్తున్నది చాలావరకు ఆ కాలపు మనుషుల పలుకుకు ఫొటో. జి-హెచ్ అనే జంట కూడా ఒకప్పుడు గొంతులోంచి గట్టిగా పలికే శబ్దమే. కొన్ని పదాల్లో అది పూర్తిగా రాలిపోయింది, కొన్నిట్లో 'ఫ్'గా మారింది.

అందుకే ఓ-యు-జి-హెచ్ అంత అల్లరి చేస్తుంది. 'దో' అంటే అయినప్పటికీ. ఇది గో, టో అంటే కాలివేలు, డో అంటే కలిపిన పిండి ముద్ద, ఎస్-ఇ-డబ్ల్యు అని రాసే సో అంటే కుట్టడం, వీటితో రైమ్. 'త్రూ' అంటే గుండా. ఇది బ్లూ, షూ, ట్రూ, టూలతో రైమ్. 'రఫ్' అంటే గరుకు. టఫ్, ఇనఫ్, స్టఫ్ అంటే సామాను, బ్లఫ్ అంటే బుకాయింపు, వీటితో కలుస్తుంది. 'కాఫ్' అంటే దగ్గు. ఆఫ్‌తోనూ, పశువులకు మేత వేసే తొట్టి అనే అర్థమున్న ట్రాఫ్‌తోనూ కలుస్తుంది. 'బౌ' అంటే చెట్టు కొమ్మ. కౌ, నౌ, ప్లౌ అంటే నాగలి, దీని జతగాళ్లు. చివర టి చేరిస్తే 'థాట్', 'బాట్', 'ఫాట్': ఆలోచన, కొన్న, పోరాడిన. ఇవి టాట్, కాట్‌లతో కలుస్తాయి, అంటే నేర్పిన, పట్టుకున్న. వీటిని పట్టికలా బట్టీ పట్టించకండి. ఒక్కో పదాన్ని దాని రైమ్ జంటతో కలిపి పైకి చదివించండి, అదే గుర్తుండిపోతుంది.

ఇక నాకు బాగా ఇష్టమైన మూడు పదాలు. డాటర్ అంటే కూతురు. అందులో డి తీసి ఎల్ పెడితే లాఫ్టర్, అంటే నవ్వు. ఆ నవ్వు ముందు ఒక ఎస్ చేర్చండి, స్లాటర్ అవుతుంది, అంటే వధ! డాటర్‌కి స్లాటర్ రైమ్, లాఫ్టర్‌కి ఆఫ్టర్ రైమ్. అక్షరాలు చూసి నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి తరగతిలో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇలా చూపుకు కలిసి వినికిడికి కలవని జంటలను ఇంగ్లీషు వాళ్లు కంటి రైమ్ అంటారు. 'లవ్', 'మూవ్', 'స్టోవ్' మూడూ ఓ-వి-ఇతోనే ముగుస్తాయి. లవ్‌కి గ్లవ్, డవ్ అంటే పావురం, అబవ్ అంటే పైన. మూవ్‌కి ప్రూవ్ అంటే రుజువు చేయడం, గ్రూవ్ అంటే గాడి. స్టోవ్‌కి డ్రోవ్ అంటే తోలిన, గ్రోవ్ అంటే చెట్ల తోపు. పాత కవిత్వంలో ఇలాంటివి చాలా కనిపిస్తాయి. కొన్ని ఆ కాలంలో నిజంగానే కలిసేవి. 18వ శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ పోప్ అనే కవి 'ఒబే' అనే మాటకు 'టీ'ని రైమ్ కట్టాడు. ఆయన తప్పు చేయలేదు, అప్పట్లో ఆ పానీయాన్ని 'టే' అని కూడా పలికేవాళ్లు.

ఇక్కడిదాకా ఏ భాష వాళ్లకైనా వచ్చే ఇబ్బందే. ఇప్పుడు చెప్పబోయేది ప్రత్యేకంగా మన తెలుగువాళ్ల సంగతి. పుస్తకాల్లో దీని గురించి తక్కువ రాస్తారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

నేను పాఠాలు మొదలుపెట్టిన కొత్తలో బోర్డు మీద 'రైస్'కీ 'రైజ్'కీ రెండింటికీ కలిపి ఒకే జాబితా రాసేదాన్ని. బియ్యానికీ, లేవడానికీ శబ్దంలో తేడా ఉందని నా చెవికి తెలియనే లేదు. ఒకరోజు డిక్షనరీలో ఆడియో నొక్కి విన్నాక తల పట్టుకున్నాను. కారణం చిన్నదే. పదం చివర వచ్చే జెడ్ శబ్దానికి తెలుగులో అక్షరం లేదు, కాబట్టి దాన్ని 'స్' అని వినేసి 'స్' అనే పలికేస్తాం. రైస్, నైస్, ప్రైస్ అంటే ధర, ఐస్, మైస్ అంటే ఎలుకలు, అడ్వైస్ అంటే సలహా: ఇవి ఒక గుంపు. రైజ్, వైజ్ అంటే తెలివైన, ప్రైజ్ అంటే బహుమతి, ఐజ్ అంటే కళ్లు, లైజ్ అంటే అబద్ధాలు, అడ్వైజ్ అంటే సలహా ఇవ్వడం: ఇవి ఇంకో గుంపు. ధరకూ బహుమతికీ రైమ్ కుదరదు.

ఈ తేడా పిల్లలకు చెప్పడానికి ఒక ఉపాయం ఉంది. గొంతు మీద రెండు వేళ్లు ఆనించి 'స్‌స్‌స్' అనమనండి, వేళ్లకు ఏమీ తెలియదు. నాలుకను అక్కడే ఉంచి తుమ్మెద ఝుంకారంలా గొంతు మోగించమనండి, వేళ్ల కింద అదురు తెలుస్తుంది. ఆ అదిరేదే జెడ్. బస్ అంటే వాహనం, బజ్ అంటే ఝుమ్మనడం. లూస్ అంటే వదులు, దానికి గూస్ అంటే బాతులాంటి పెద్ద పక్షి, జ్యూస్ జతలు; లూజ్ అంటే పోగొట్టుకోవడం, దానికి చూజ్ అంటే ఎంచుకోవడం, న్యూజ్ జతలు. పీస్ అంటే శాంతి, ఆ శబ్దంతోనే ముక్క అని ఇంకో పదం. పీజ్ అంటే బఠాణీలు. తాళంచెవులకు ఇంగ్లీషు మాట మన నోట 'కీస్', వాళ్ల నోట 'కీజ్'. అది ప్లీజ్, చీజ్, ఫ్రీజ్‌లతో కలుస్తుంది.

'ఫుడ్' సంగతీ ఇంతే. మనం రాసేటప్పుడు ఫుడ్, గుడ్ అని ఒకేలా హ్రస్వంగా రాస్తాం, పిల్లలు హాయిగా రైమ్ అనుకుంటారు. అసలు పలుకు 'ఫూడ్', దీర్ఘం. దాని జతలు మూడ్, రూడ్ అంటే మొరటు, క్రూడ్ అంటే శుద్ధి చేయని, ఫ్యూడ్ అంటే పాత పగ. గుడ్ జతలు వుడ్ అంటే కలప, హుడ్ అంటే తలముసుగు, స్టుడ్ అంటే నిలబడిన, ఇంకా కుడ్, షుడ్. అదే జంట ఓ ఉన్న 'బ్లడ్', 'ఫ్లడ్' మూడో గుంపు: మడ్ అంటే బురద, బడ్ అంటే మొగ్గ, థడ్ అంటే ధబ్‌మన్న చప్పుడు.

ఒత్తు సంగతి ఇంకా లోతైనది. తెలుగులో ఏ అక్షరాన్ని గట్టిగా అన్నా అర్థం మారదు కాబట్టి మనకు ఆ స్పృహే ఉండదు. 'కింగ్'కి 'టాకింగ్' రైమ్ అని ఎంతమంది రాశారో చెప్పలేను. చివర 'కింగ్' ఉంది నిజమే, కానీ టాకింగ్‌లో ఒత్తు 'టా' మీద పడుతుంది, రైమ్ లెక్క అక్కడి నుంచే మొదలవ్వాలి. టాకింగ్‌కి వాకింగ్ సరైన జత. మేకింగ్‌కి టేకింగ్, బేకింగ్, వేకింగ్. కింగ్‌కి రింగ్, సింగ్, వింగ్ అంటే రెక్క, స్ప్రింగ్, స్టింగ్ అంటే కుట్టడం, క్లింగ్ అంటే గట్టిగా పట్టుకుని వేలాడటం. 'పెన్'కి 'హ్యాపెన్' చెల్లదు, దాని జతలు టెన్, హెన్, మెన్, డెన్ అంటే గుహ. 'టేబుల్'కి ఏబుల్ అంటే చేయగల, కేబుల్, స్టేబుల్ అంటే స్థిరమైన లేదా గుర్రాల సాల. వెజిటబుల్ చేరదు, ఒత్తు మొదట్లో ఉంది. 'క్విక్లీ'కి 'స్లోలీ' కుదరదు. స్లోలీకి హోలీ అంటే పవిత్రమైన, క్విక్లీకి ప్రిక్లీ అంటే ముళ్లున్న.

రెండక్షరాల రైములు పిల్లలకు బాగా నచ్చుతాయి, పాటలా ఉంటాయి. మదర్, బ్రదర్, అనదర్, స్మదర్ అంటే ఊపిరాడకుండా చేయడం. 'బాదర్' రాతలో మదర్‌లాగే కనిపిస్తుంది, కలవదు. మనీ, హనీ, ఫనీ, సనీ. వెరీ, మెరీ అంటే ఉల్లాసంగా ఉన్న, చెరీ, ఇంకా బి-యు-ఆర్-వై అని రాసి 'బెరీ' అని పలికే పదం, అంటే పాతిపెట్టడం. మోషన్, లోషన్, డివోషన్ అంటే భక్తి, ఇమోషన్, వీటన్నిటితో పాటు సముద్రం! ఓ-సి-ఇ-ఎ-ఎన్ అని రాస్తారు, 'ఓషన్' అని పలుకుతారు, స్పెల్లింగ్ ఎంత దూరమైనా శబ్దంలో సొంత మనిషే. బిజీకి డిజీ, అంటే తల తిరుగుతున్న.

ఇ-ఎ-ఆర్ ఉన్న పదాలు ఇంకో చిక్కుముడి. ఇయర్, నియర్, ఫియర్ అంటే భయం, క్లియర్ ఒక వైపు. అవే అక్షరాలతో బేర్ అంటే ఎలుగుబంటి, పేర్ అనే పండు, వేర్ అంటే ధరించడం, ఇంకో వైపు. ఇవి చేర్, హేర్, కేర్, స్టేర్ అంటే మెట్టుతో కలుస్తాయి. హార్ట్‌కి పార్ట్, స్మార్ట్. హర్డ్ అంటే విన్న, దానికి బర్డ్, వర్డ్. టి-ఇ-ఎ-ఆర్ అయితే రెండు వైపులా ఉంటుంది. కన్నీరు అన్నప్పుడు 'టియర్', చింపడం అన్నప్పుడు 'టేర్'. ఇలాంటి రెండు నాల్కల పదాలు ఇంకా ఉన్నాయి. 'విండ్' గాలి అయితే ఒకలా, చుట్టడం అయితే 'వైండ్' అని మైండ్, కైండ్‌లతో. 'లెడ్' సీసం అయితే రెడ్, బెడ్‌లతో, 'లీడ్' నడిపించడం అయితే నీడ్, సీడ్‌లతో. రైమ్ అడిగినప్పుడు ఏ అర్థంలో అడిగారో తేలాలి.

ఊరు మారితే రైమూ మారుతుంది. 'క్లార్క్' అని బ్రిటిష్ వాళ్లంటారు, డార్క్, పార్క్‌లతో కలుస్తుంది. అమెరికన్లు 'క్లర్క్' అంటారు, వర్క్‌తో కలుస్తుంది. 'అగెన్' కొందరికి మెన్‌తో, ఇంకొందరికి రెయిన్‌తో. చివరి అక్షరాన్ని అమెరికన్లు 'జీ' అంటారు, అందుకే ఏబీసీడీ పాట చివర 'జీ'కి 'మీ' అని చక్కగా అతుకుతుంది. 1835లో బోస్టన్‌లో ఆ పాటకు హక్కులు నమోదయ్యాయి. 'జెడ్' అని నేర్చుకున్న పిల్లలు పాడితే అక్కడే తాళం తప్పినట్టుంటుంది.

జతలు వెతకడం ఎలా అంటే, అచ్చుతో మొదలయ్యే ఆ చివరి శబ్దాన్ని పట్టుకుని ముందు ఒక్కో హల్లూ తగిలించుకుంటూ పోవడమే. 'ఐట్' తీసుకుంటే: బైట్ అంటే కొరకడం, కైట్ అంటే గాలిపటం, ఫైట్, హైట్ అంటే ఎత్తు, మైట్ అంటే బలం, నైట్ అంటే రాత్రి, కె చేర్చి రాస్తే మధ్యయుగపు యోధుడు, సైట్ అంటే చూపు లేదా స్థలం, టైట్, వైట్. తర్వాత జంట హల్లులు: బ్రైట్, ఫ్లైట్, ఫ్రైట్ అంటే బెదురు, స్లైట్ అంటే కొద్దిపాటి, స్పైట్ అంటే కసి. తర్వాత చివర ఒత్తున్న పెద్ద పదాలు: పొలైట్ అంటే మర్యాద గల, ఇన్వైట్, డిలైట్ అంటే ఆనందం, యునైట్ అంటే ఏకం కావడం. మధ్యలో అర్థం లేని శబ్దాలు వస్తే పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. 'హైట్'ని చూసి 'వెయిట్'ని మాత్రం తీసుకురానివ్వద్దు. బరువుకు లేట్, ఎయిట్, గ్రేట్, స్ట్రెయిట్, బెయిట్ అంటే ఎర, ఫేట్ అంటే విధి జతలు. 'క్వైట్' అంటే చాలావరకు, ఇది ఐట్ గుంపే. నిశ్శబ్దం అనే అర్థమున్న 'క్వయెట్' మాత్రం డయెట్, రయెట్ అంటే అల్లరి మూకల గొడవ, వీటితో పోతుంది.

ఏ పదం దగ్గర అనుమానం వచ్చినా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ డిక్షనరీల వెబ్‌సైట్లలో స్పీకర్ బొమ్మ నొక్కి వినండి. రైమ్‌జోన్ అనే సైట్‌లో పదం కొడితే రైములన్నీ ఇస్తుంది. అదేమీ కొత్త ఆలోచన కాదు, 1775లోనే జాన్ వాకర్ అనే ఆయన పదాలను చివరి అక్షరం నుంచి వెనక్కి అమర్చి ఒక నిఘంటువు వేశాడు.

కొన్ని పదాలకు ఎంత వెతికినా జత దొరకదు. నెల అనే అర్థమున్న మంత్, ఆరెంజ్, సిల్వర్, పర్పుల్ అలాంటివే. డిక్షనరీ మూలల్లోంచి ఎవరూ వాడని మాటలు తవ్వి తెచ్చేవాళ్లున్నారు. సిల్వర్‌కి చిల్వర్ అని ఉంది, ఆడ గొర్రెపిల్ల అని అర్థం. హోంవర్క్‌లో ఆ నాలుగింట్లో ఏదైనా ఇస్తే ఖాళీగా వదిలేయమనండి, తప్పు ప్రశ్నదే.

పెద్దవాళ్లకు పనికొచ్చేది జంట మాటలు. రైమ్ ఉండటం వల్లే అవి నాలుక మీద నిలిచిపోయాయి. 'వేర్ అండ్ టేర్' అంటే వాడకం వల్ల వచ్చే అరుగుదల. 'మేక్ ఆర్ బ్రేక్' అంటే అటో ఇటో తేల్చేసే. 'ఫేర్ అండ్ స్క్వేర్' అంటే నిజాయతీగా, నిక్కచ్చిగా. 'హై అండ్ డ్రై' అంటే నట్టేట వదిలేసినట్టు, ఏ ఆదరువూ లేకుండా. 'డూమ్ అండ్ గ్లూమ్' అంటే అంతా అయిపోయిందన్న నిరాశ. 'హేస్ట్ మేక్స్ వేస్ట్' అంటే తొందరపడితే చెడిపోతుందని. ఇలాంటివి చెవికి ఇంపుగా ఉండటమే కాదు, నిజమని కూడా అనిపిస్తాయి. 2000లో మాథ్యూ మెక్‌గ్లోన్, జెసికా తొఫిగ్‌బక్ష్ అనే పరిశోధకులు 'వోజ్ యునైట్ ఫోజ్', అంటే కష్టాలు శత్రువులను కలుపుతాయి, వంటి సామెతలను రైముతోనూ రైము తీసేసీ జనానికి చూపించారు. రైమున్నవే ఎక్కువ నిజమని జనం అన్నారు. ప్రకటనల వాళ్లకు ఈ సంగతి ముందే తెలుసనుకోండి.

'సూపర్ డూపర్' లాంటి జోడు మాటలు మనకు పరాయివి కావు. కాఫీ గీఫీ, పుస్తకం గిస్తకం అని మనం రోజూ చేసేది అదే పని: మొదటి అక్షరం మార్చి మిగతాది మళ్లీ అనడం. తేడా ఏమిటంటే మన 'గి' ఏ పదానికైనా అతుకుతుంది, ఇంగ్లీషు జంటలు ముందే తయారై ఉంటాయి. నిటీ-గ్రిటీ అంటే లోపలి అసలు వివరాలు. హెల్టర్-స్కెల్టర్ అంటే తలో దిక్కుగా, గందరగోళంగా. హోకస్-పోకస్ అంటే కనికట్టు. హాయిటీ-టాయిటీ అంటే తామే గొప్పన్నట్టు ప్రవర్తించే. విలీ-నిలీ అంటే ఇష్టమున్నా లేకున్నా.

లండన్ తూర్పు వాడల్లో 19వ శతాబ్దంలో పుట్టిన ఒక ఆట మాత్రం మన ఊహకు అందదు. 'స్టేర్స్' అనే బదులు దానికి రైమైన 'యాపిల్స్ అండ్ పేర్స్' అంటారు. 'ఫోన్' అనే బదులు 'డాగ్ అండ్ బోన్'. అక్కడితో ఆగితే బాగుండేది. 'లుక్'కి 'బుచర్స్ హుక్' అని పెట్టి, ఆ రైమైన హుక్‌నే తీసేసి ఉత్త 'బుచర్స్' అంటారు. 'హెడ్'కి 'లోఫ్ ఆఫ్ బ్రెడ్' పెట్టి 'లోఫ్' ఉంచుకున్నారు. 'యూజ్ యువర్ లోఫ్' అంటే బుర్ర వాడమని. బయటివాడికి ఎక్కడ రైమో కూడా తెలియదు. 1859లో జాన్ కామ్డెన్ హాటెన్ వేసిన వాడుక భాష నిఘంటువులో అప్పటికే వీటికి ప్రత్యేక భాగం ఉంది.

పాపకు ఇదంతా అవసరమా అని మీరు అడగొచ్చు. హోంవర్క్ వరకు అవసరం లేదు. కానీ రైమ్ పట్టుకోవడం వచ్చిన పిల్లలకు చదవడం తేలికవుతుందని 1983లో లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ చేసిన అధ్యయనం చూపించింది. నాలుగైదేళ్ల పిల్లలు సుమారు 400 మందిని కొన్నేళ్లపాటు గమనించి చెప్పిన మాట అది. కాబట్టి రాత కన్నా ముందు ఆట పెట్టండి. మూడు పదాలు చెప్పి కలవనిది ఏదో కనిపెట్టమనండి: బెడ్, సెడ్, పెయిడ్. 'సెడ్' అంటే అన్నాడు, ఎస్-ఎ-ఐ-డి. 'పెయిడ్' అంటే చెల్లించిన, పి-ఎ-ఐ-డి. కాగితం మీద రాసి చూపిస్తే పాప బెడ్‌ని తీసేస్తుంది. కళ్లు మూసుకోమని మీరు చదివి వినిపిస్తే పెయిడ్‌ని తీసేస్తుంది. రెండు రకాలుగానూ చేసి చూడండి, టీచర్ ఇంటూ ఎందుకు కొట్టారో తనే మీకు చెబుతుంది.